రేవుకట్ట లోతు

తెల్లటి వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందనీ, శుక్రవారం వచ్చే పెద్దలు చీకటి గదిలో కూర్చుని అంత తెలుపు చూడలేరనీ శివపార్వతి మేడమ్ అన్నారు. అందుకని ఫరహత్ ఆ సోమవారం పొద్దున్నే మ్యాపు వెనకాల ఉన్న తెలుపు తీసేసి నలుపు పెట్టింది. ఆమె చేసిందల్లా అంతే. కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే అయిపోయింది.

ఆ గదిలో ఒక గోడ మొత్తం తెరలే. అంచుకి అంచు ఆనించి బిగించిన తెరలన్నీ కలిసి ఒకే తెరలా వెలుగుతాయి. కంకిపాడు రోడ్డులో ఉన్న ఆ యూనివర్సిటీకి ఎవరొచ్చినా ముందు ఈ గదికే తీసుకొస్తారు. అంకెల్ని బొమ్మలుగా మార్చి చూపించే ల్యాబ్ ఇది. తెరలు వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ గట్టిగా తిరుగుతుంటుంది. బయట మే నెల ఎండ మండిపోతున్నా ఫరహత్ లోపల స్వెటర్ వేసుకునే కూర్చుంటుంది. రెండేళ్ళ కిందట వాగు పొంగి ఊరి ఉత్తరాన ఉన్న కాలనీలన్నీ మునిగినప్పుడు ఏ ఇంట్లో ఎంత లోతు నీళ్ళు నిలిచాయో చూపించే మ్యాపు ఆమె పరిశోధన. నీళ్ళు రాని చోటు వెన్నలాంటి లేత పసుపు. మోకాలి లోతుకి నారింజ. ఛాతీ లోతుకి ఎరుపు. మనిషి మునిగే లోతుకి ఎండిన నెత్తురు రంగు.

నలుపు మీద మ్యాపు చాలా బాగుంది. వీధులు ఒక్కొక్కటీ విడివిడిగా తేలి కనిపించాయి. వాగుకి తూర్పున, అది మెలిక తిరిగే చోట మాత్రం ఒక నల్లటి మచ్చ పడింది. చిమ్మెట కొట్టిన పట్టుచీరలో చిల్లులా ఉంది.

ఆమె వెళ్ళి ఫిలిప్‌ని పిలుచుకొచ్చింది. తెరల బాగోగులన్నీ ఆయనవే. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. తెర పోయిందన్న మాట ఆయనకి నచ్చలేదు. మొన్ననేగా సర్వీసింగ్ చేయించింది అని గొణుగుతూ వెనక్కి వెళ్ళి కేబుల్ మార్చాడు, ముందుకొచ్చి చూశాడు, మళ్ళీ వెళ్ళి ఇంకో కేబుల్ మార్చాడు. మచ్చ పోలేదు. చివరికి మ్యాపుని కొంచెం పక్కకి జరపమన్నాడు. ఆమె జరిపింది. మచ్చ కూడా మ్యాపుతో పాటే పక్క తెర మీదికి జరిగింది.

ఫిలిప్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. "జబ్బు నా తెరకి కాదమ్మాయ్. నీ బొమ్మకి."

ఆయన వెళ్ళాక ఆమె మచ్చ మీద బాణం గుర్తు పెట్టి నొక్కింది. ఎక్కడ నొక్కినా ఆ చోటి పేరూ, దాని కింద అడుగుల్లో లోతూ రావాలి. చిన్న పెట్టె తెరుచుకుంది. రేవుకట్ట కాలనీ అని ఉంది. దాని కింద ఏమీ లేదు. సున్నా కూడా లేదు.

ఫరహత్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. సున్నా అయితే లేత పసుపు పడాలి. ఏమీ లేకపోతే రంగే పడదు, వెనకాల ఉన్నది కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ వెనకాల తెలుపు ఉంది. ఆ తెలుపుకీ ఈ లేత పసుపుకీ తేడా ఎవరి కంటికీ ఆనలేదు. మ్యాపు చూసిన ప్రతి ఒక్కరూ, ఆమెతో సహా, రేవుకట్టకి నీళ్ళు రాలేదనే అనుకున్నారు.

సర్వేకి వెళ్ళిన విద్యార్థుల్లో ఒకడైన సాత్విక్‌కి ఫోన్ చేసింది. అతనిప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాడు. నీళ్ళు తీశాక ఇంటింటికీ వెళ్ళి, గోడ మీద బురద వదిలిన గీత దాకా టేపు పెట్టి కొలిచి ఫోనులో ఎక్కించడం వాళ్ళ పని. కంటికి కనిపించే గీతే కొలవాలి, నోటి మాట రాసుకోకూడదని గట్టి నియమం. సాయం వస్తుందంటే జనం ఎక్కువ చేసి చెబుతారని ఆ నియమం పెట్టారు.

"అక్కడ గోడల్లేవక్కా," అన్నాడు సాత్విక్. "మట్టి గోడలు, రేకులు. మొత్తం కొట్టుకుపోయినయ్యి. గీత ఎక్కడని కొలుస్తాం? ఖాళీగా వదిలేశాం. ఎవరో ఒకళ్ళు అడుగుతారులే అనుకున్నాం."

అడగవలసిన మనిషి తనేనని ఫరహత్ అతనితో అనలేదు. బాగున్నావా, తిండి సరిగా తింటున్నావా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

శివపార్వతి మేడమ్ అప్పుడే భోజనం డబ్బా తెరిచారు. ఫరహత్ చెప్పేది సగానికి వచ్చేసరికి డబ్బా మూత మెల్లగా మళ్ళీ పెట్టేశారు. ఆవిడ ఈ ల్యాబ్‌ని ఒక్కొక్క తెర చొప్పున, ఒక్కొక్క గుమ్మం ఎక్కి అడిగి కట్టుకొచ్చిన మనిషి. ఆవిడకి రెండుసార్లు చెప్పే అవసరం ఎప్పుడూ ఉండదు.

వరద తర్వాత ఆ మ్యాపు చూసే వాగు పడమటి ఒడ్డున కాంక్రీటు గోడ కడుతున్నారు. పని మొదలై రెండు నెలలైంది. తూర్పు ఒడ్డున నీళ్ళు పెద్దగా రాలేదని మ్యాపు చెప్పింది కాబట్టి అటు గోడ లేదు. ఇటు గోడ లేచాక వాగు మళ్ళీ పొంగితే నీళ్ళన్నీ ఎటు పోతాయో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వానలు నెల్లాళ్ళలోకి వచ్చాయి.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ ఇల్లు ఎటు పక్కమ్మా?"

"పడమటండి. గోడకి దగ్గర్లోనే."

ఆవిడ కిటికీ వైపు చూశారు. తర్వాత చాలా నెమ్మదిగా, ఎవరో జబ్బు మనిషికి నచ్చజెప్పినట్టు చెప్పారు. శుక్రవారం వచ్చేవాళ్ళు డబ్బుకి సరేనంటేనే ఈ ల్యాబ్ ఇంకో మూడేళ్ళు నడుస్తుంది. లేకపోతే తాళమే. ఒక్క చోట తప్పుందంటే మ్యాపు మొత్తం తప్పంటారు. మ్యాపు తప్పయితే దాన్ని చూసి కడుతున్న గోడా ఆగుతుంది. పడమటి ఒడ్డున ఎన్ని వందల ఇళ్ళున్నాయో ఫరహత్‌కి తెలియనిది కాదు.

"చుట్టుపక్కల లోతుల సగటు తీసి ఆ ఖాళీ నింపు. లెక్కల ప్రకారం అదేం తప్పుడు పని కాదు, అందరూ చేసేదే. శుక్రవారం దాటనీ. తర్వాత ఇద్దరం కూర్చుని చూద్దాం."

ఫరహత్ తిరిగొచ్చి నింపింది. రేవుకట్ట చుట్టూ ఉన్నవి మెరక పొలాలు, గోడౌన్లు. వాటి సగటు తీస్తే మోకాలి లోతు వచ్చింది. మచ్చ ఉన్న చోట పలచని నారింజ పరుచుకుంది. నేర్పరి దర్జీ వేసిన మాసికలా ఎక్కడా అతుకు తెలియలేదు. అటుగా వచ్చిన ఫిలిప్ తెర వైపు చూసి, నయమైందా అని అడిగాడు. అయిందని చెప్పింది.

గవర్నర్‌పేట సందులో ఆమె తండ్రి కాశింకి కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. సాయంత్రాలు యూనివర్సిటీ బస్సు దిగి ఆమె అక్కడికే వస్తుంది. ఆయన షట్టర్ వేశాక ఇద్దరూ మోపెడ్ మీద ఇంటికి పోతారు. ఆయన నెమ్మదిగా నడుపుతాడు. ఆటోవాళ్ళు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోయినా పట్టించుకోడు. ఆ రోజు దారంతా ఆమె వెనక కూర్చుని, భుజం మీద నుంచి చెబుతూ వచ్చింది.  వాగు మీద వంతెన ఎక్కాక ఆయన బండి పక్కకి తీసి ఆపాడు.

పడమటి ఒడ్డున గోడ ఇనుప చువ్వలు ఆకాశంలోకి నిటారుగా నిలబడి ఉన్నాయి. కింద పనివాళ్ళు సామాన్లు కడుక్కుంటున్నారు. ఫరహత్ తల్లి సుగ్రా రోజూ ఆ పనివాళ్ళకి టీ పోసి పంపిస్తుంది. గోడ లేస్తున్న కొద్దీ ఆ వీధి ఆడవాళ్ళ మాటల్లోకి నవ్వు తిరిగి వచ్చింది. అటకల మీది పరుపులు ఈ మధ్యే కిందికి దించుకుంటున్నారు. తూర్పున వాగు గట్టు కింద నీలం పట్టాలు కప్పిన పాకలు గుంపుగా ఉన్నాయి. రోజూ ఈ వంతెన మీదుగానే ఆమె పోతుంది, వస్తుంది. మ్యాపులో మాత్రం ఎప్పుడూ తన వీధి ఎరుపునే చూసుకుంది. అవతలి ఒడ్డుని వెతికి చూసింది లేదు.

"వరదప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు," అన్నాడు కాశిం. "మేం మేడ మీదున్నాం. అటు నుంచి కేకలు వినబడినయ్యి బేటా. రెండో రోజు సాయంత్రానికి ఆగిపోయినయ్యి. పడవలు వచ్చి తీసుకుపోయుంటయ్యిలే అని మీ అమ్మీతో అన్నా."

ఆయన చేతి వేళ్ళు బ్రేకు మీద బిగిశాయి. ఏం చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాసేపయ్యాక బండి స్టార్టు చేశాడు.

బుధవారం మధ్యాహ్నం ఆమె టేపు సంచిలో వేసుకుని రేవుకట్టకి వెళ్ళింది. దానమ్మ అనే పెద్దావిడ ఎదురొచ్చి ఎవరు కావాలని అడిగింది. సంగతి విని, లోపల నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, కూర్చునేదాకా ఊరుకోలేదు. గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఎండ మొహం మీద పడుతోందని ఎవరో వెనకాల నిలబడి గొడుగు పట్టారు. వద్దన్నా దించలేదు.

నీళ్ళు ఎంత దాకా వచ్చాయని అడిగితే దానమ్మ అరచెయ్యి బోర్లించి తన నుదుటి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. అప్పుడు తను కాళ్ళ కింద బల్ల వేసుకుని నిలబడి ఉందట. ఆ బల్ల నీళ్ళలోనే పోయింది. ఎంత ఎత్తుండేదని అడిగితే తన మోకాలు చూపించింది. మనవరాలు అన్నం తినడానికి కూర్చునే ఆ బల్ల సరిగ్గా ఇంత ఎత్తుండేదని ఇంకెవరో ఇటుకలు తెచ్చి పేర్చారు. ఇంకొకటి పెట్టమని ఒకరు, తియ్యమని ఒకరు. చివరికి దానమ్మ ఇటుకల మీదికెక్కి నిలబడి, మళ్ళీ నుదుటి దగ్గర చెయ్యి పెట్టింది. ఫరహత్ నేల నుంచి ఆ చేతి దాకా టేపు లాగింది.

తర్వాత ఒక్కొక్కరూ వాళ్ళ వాళ్ళ పాక ముందు నిలబడ్డారు. కొందరు చెయ్యి పైకెత్తి చాచారు. ఒకాయన డ్రమ్ము ఎక్కాడు, అది దొర్లితే పక్కవాళ్ళు నవ్వారు. ఇల్లాగే ఎక్కువ చేసి చెప్పి మంచి పేరు తెచ్చుకోరా అని ఒకామె అతన్ని ఎగతాళి చేసింది. అతను చెయ్యి కొంచెం దించాడు, అంతలో తనే మనసు మార్చుకుని మళ్ళీ మునుపటి ఎత్తులోనే పెట్టాడు. పక్కపక్క పాకలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూడకుండా పెట్టిన చేతులు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. అది గమనించిన దగ్గర్నుంచీ ఫరహత్ ఒక్కో చేతినీ రెండేసి సార్లు కొలిచింది.

అందరిదీ అయ్యాక ఆమోసు వచ్చాడు. గవర్నర్‌పేట హోల్‌సేల్ కొట్లలో మూటలు మోసే మనిషి. పలకరించకుండా తిన్నగా బోరింగు పంపు దగ్గరికి వెళ్ళి, దాని సిమెంటు గట్టు ఎక్కి నిలబడ్డాడు.

"ఇక్కడ నిలబడ్డా. ఇంత దాకా," అని చూపుడు వేలు అడ్డంగా కింది పెదవి మీద ఆనించాడు. "నా కూతురు రూతమ్మ నా బుజాల మీద కూకుంది. రెండో రోజు మద్దేనం దాకా ఉంది."

 ఫరహత్ టేపు చివర కాలితో నేలకి తొక్కిపట్టి, రెండో చివర అతని వేలి దాకా ఎత్తింది. అతని ఊపిరి ఆమె చేతికి తగిలింది. గట్టు ఎత్తుతో కలిపి అంకె పైకి చదివింది. అతను వేలు తియ్యలేదు.

"రాసుకున్నావామ్మా?" అని అడిగాడు.

రాసుకున్నానంది. అప్పుడు వేలు తీసి, గట్టు దిగాడు.

వెళ్ళేటప్పుడు దానమ్మ అడిగింది, మాకూ గోడ కడతారా అని. ఫరహత్ నిజానికి చెప్పగలిగింది ఒక్కటే. పెద్దవాళ్ళకి ఈ కొలతలు చూపిస్తానంది. మాట ఇవ్వకూడదని ఆమెకి తెలుసు, ఇవ్వలేదు కూడా. కానీ టేపు పట్టుకుని వచ్చిన మనిషి వాళ్ళకి మాట ఇచ్చినట్టే లెక్క అని ఆమెకి తట్టలేదు.

గురువారం ఆ లోతులన్నీ మ్యాపులో ఎక్కించి మేడమ్‌ని పిలిచింది. నారింజ మాసిక పోయి, ఆ మెలికలో ఎండిన నెత్తురు రంగు నిండింది. తెర మొత్తం మీద అంత ముదురు రంగు ఇంకెక్కడా లేదు. మేడమ్ నిలబడే చూశారు. ఇవి ఏ గీతల మీద కొలిచావని అడిగారు. గీతలు లేవనీ, మనుషుల చేతుల మీద కొలిచాననీ ఫరహత్ చెప్పింది. దానమ్మ ఇటుకలూ, ఆమోసు పెదవీ చెప్పింది. చెబుతుంటే మేడమ్ వెనక్కి తడుముకుని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మన పద్ధతిలో నోటి మాట చెల్లదు," అన్నారు.

"తెలుసండి."

 మేడమ్ చాలాసేపు ఆ రంగుని చూశారు.

"ఉంచు," అని లేచి వెళ్ళిపోయారు.

శుక్రవారం వచ్చినవాళ్ళలో ముఖ్యుడు బసవయ్య అనే ఇంజనీరు. గోడ కట్టించే శాఖలో పెద్ద ఉద్యోగి. తెల్ల చొక్కా, ఎండకి కమిలిన మెడ, చాలా ఏళ్ళు కాలవ గట్ల మీద తిరిగిన మనిషని చూస్తేనే తెలుస్తుంది. దీపాలు ఆర్పారు. ఫరహత్ మాట్లాడాలని లేచేలోపు మేడమే ముందుకి వెళ్ళి నిలబడ్డారు. మీకు ఇంతకుముందు ఇచ్చిన మ్యాపులో తప్పుందనీ, అది తమ ల్యాబ్ చేసిన తప్పనీ, తనే బాధ్యురాలిననీ చెప్పారు. గోడలు కూలిపోయిన చోట కొలత ఖాళీగా వదిలేశారనీ, ఆ ఖాళీ తమ తెర మీద పొడినేలలా కనిపించిందనీ చెప్పారు. చేతుల కొలతలు ఒక్కొక్కటీ పైకి చదివారు. ఆవిడ గొంతు ఎక్కడా తొణకలేదు. చీకట్లో ఫరహత్ మేడమ్‌ని చూస్తూ, ఈ మనిషి దగ్గర చదువుకోవడం తన అదృష్టమనుకుంది. భయం కూడా కాస్త తగ్గింది.

బసవయ్య మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక లేచి తెర దగ్గరికి వచ్చి, ఆ ముదురు రంగు మీద వేలు పెట్టి వాగు మెలిక వెంబడి గీశాడు. చేతుల కొలతలేంటని నవ్విన తన కిందివాళ్ళని కళ్ళతోనే ఊరుకోమన్నాడు.

"అబద్ధం అయ్యుండదమ్మా. అక్కడ నిండా మునిగిందని నేనూ విన్నా. కాయితం మీద లేదు, అంతే." ఇంకాస్త దగ్గరికి వంగి చూశాడు. "ఇంత లోతంటే మరి ఇది పల్లం. వాగు పొంగితే నీళ్ళు నిలవాల్సిన జాగా. ఇక్కడ గోడ కట్టకూడదు. కడితే పైన ఊళ్ళు మునుగుతయ్యి. అసలు ఇళ్ళే ఉండకూడదిక్కడ."

వెనక ఉన్నతను రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ కాలనీని ఖాళీ చేయించాలని ఇంతకుముందు కూడా అనుకున్నారట. మ్యాపులో పొడినేలగా ఉన్న చోటు నుంచి జనాన్ని ఎలా లేపుతారని పై నుంచి ప్రశ్న వచ్చి ఆగిపోయిందట. ఇప్పుడు ఆధారం దొరికింది కాబట్టి వానల్లోపే పని జరుగుతుందని బసవయ్య చెప్పాడు. పడమటి గోడకి ఏ అడ్డూ లేదనీ అన్నాడు. ఆయన మాటలో కోపం గానీ వెటకారం గానీ లేవు. మనుషుల ప్రాణాలు కాపాడే మాట చెబుతున్నాననే నమ్మకం ఉంది.

మేడమ్ అడిగారు, "వాళ్ళెక్కడికి వెళ్తారండీ?"

"అది వేరే శాఖ చూస్తుందండి." ఆయన గౌరవంగానే చెప్పాడు. "మీ మ్యాపు పని అది కాదు గదా."

దీపాలు వేశారు. తప్పుని దాచకుండా చెప్పే ల్యాబులు ఎన్ని ఉన్నాయి, ఇలాంటిదాన్ని నిలబెట్టుకోవాలి అని వచ్చినవాళ్ళలో ఒకరు అన్నారు. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంకో మూడేళ్ళకి ఢోకా లేదని ఫిలిప్ తలుపు దగ్గర నుంచి ఫరహత్‌కి బొటనవేలు ఎత్తి చూపించాడు. పకోడీలు వచ్చాయి. మేడమ్ చేతిలో ప్లేటు అలాగే ఉంది. ఫరహత్ దగ్గరికి వచ్చి, ఆమె చున్నీ భుజం మీద నుంచి జారితే సర్ది, వెళ్ళిపోయారు.

నోటీసు చేతికొచ్చేలోపే తన నోటితో చెప్పాలని ఫరహత్ శనివారం రేవుకట్టకి వెళ్ళింది. గట్టు దిగుతూనే ఆగిపోయింది. వాగు పక్కనున్న పాకలు మునుపున్న చోట లేవు. వరసంతా వెనక్కి జరిపి, ఒకదానికొకటి ఆనించి, ఇరుకిరుకుగా కట్టుకున్నారు. ముందు జాగా అంతా చదును చేసి ఊడ్చారు. ఆ చదును మీద సున్నంతో పొడుగాటి గీత గీశారు. గోడకి జాగా వదిలారు వాళ్ళు.

దానమ్మ ఎదురొచ్చింది. చెమటకి రవిక తడిసి ఒంటికి అంటుకుపోయింది. "అవతల గోడ ఎంత మందం కడతన్నారో మనోళ్ళు పోయి చూసొచ్చారమ్మా. దానికి రెండింతలు వదిలాం, లారీ తిరగటానిక్కూడా. సరిపోద్దా, ఇంకాస్త జరపమంటావా?"

ఫరహత్ నిలబడే చెప్పింది. గోడ రాదని చెప్పింది. మీరు చూపించిన లోతు నిజమేనని ఒప్పుకున్నారనీ, అంత లోతు చోట ఎవరూ ఉండకూడదంటున్నారనీ, ఖాళీ చెయ్యమని కాగితాలు వస్తాయనీ చెప్పింది. ఎప్పుడొస్తాయో, ఎక్కడికి పంపుతారో తనకి తెలియదంది. అంతా తన మూలానే జరిగిందని కూడా చెప్పింది. ఆ మాట వాళ్ళలో ఎవరూ విన్నట్టు లేదు.

డ్రమ్ము ఎక్కిన మనిషి ముందుకొచ్చాడు. "మీది ఎటు పక్కమ్మా?"

ఆమె చెయ్యెత్తి వాగు అవతల చువ్వల వైపు చూపించింది. అతను ఆ చువ్వల్ని చూశాడు, ఆమెని చూశాడు. ఉమ్మేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే తమ పాకల్లోకి వెళ్ళారు. ఒక పాకలో నుంచి దేవుణ్ణి అడుగుతూ ఏడుస్తున్న ఆడగొంతు వినిపించింది. దానమ్మ సున్నపు గీత మీదే చతికిలబడింది.

ఆమోసు పాక ఒక్కటే కొత్త చోట ఇంకా లేవలేదు. విప్పిన వెదురు కర్రలు, పట్టా, వంటసామాను ఒక చోట కుప్పగా ఉన్నాయి. అతను కాసేపు వాటి వైపు చూసి, గునపం తీసుకుని పాక మునుపున్న చోటికే నడిచాడు. పాత గుంటలో మట్టి తోడడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ ఎందుకురా కట్టటం," అంది దానమ్మ కూర్చున్న చోటి నుంచే. "రేపో మాపో లేపుతారంటంటే."

"ఈయాళ పడుకోవాలిగా," అన్నాడు ఆమోసు.

గుంట తోడాక వెదురు గుంజ ఎత్తి అందులో దింపాడు. ఒక చేత్తో గుంజ పట్టుకుని రెండో చేత్తో మట్టి నెట్టబోతే గుంజ ఒరిగిపోయింది. నిలబెట్టాడు, మళ్ళీ ఒరిగింది. ఫరహత్ సంచి కింద పెట్టి వెళ్ళి రెండు చేతులతో గుంజ పట్టుకుంది. అతను ఆమె వైపు చూడలేదు. వద్దనీ అనలేదు.

"ఇటు వంచు," అన్నాడు. "ఇంకొంచెం. ఆఁ, అట్టా పట్టుకో."

అతను గుంజ చుట్టూ మట్టి నెట్టి కాలితో తొక్కాడు. తొక్కినప్పుడల్లా గుంజ అదిరి ఆమె అరచేతుల్లో కొట్టింది. మట్టి గట్టిపడేదాకా అతను తొక్కుతూనే ఉన్నాడు. తర్వాత రెండో గుంట దగ్గరికి వెళ్ళాడు. ఆమె చేతులు దులుపుకుని రెండో గుంజ ఎత్తుకుంది.